పొయ్యి పొగ – ఊపిరితిత్తుల ఆరోగ్యం

సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు తెల్లవారుజామున పాలకేంద్రం వద్ద మేము తరచుగా వినేది దగ్గు. పాలు పోయవచ్చే అక్కచెల్లెళ్లలో చుట్ట, బీడీ ముట్టని వారికి కూడా ఆయాసం కనిపిస్తుంది. అడిగితే "వయసు మీద పడింది" అంటారు. పొయ్యి పొగను ఎవరూ అనుమానించరు.

కట్టెలు, పిడకలు పూర్తిగా కాలవు. కాలక మిగిలినదే పొగ. అందులో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుతో పాటు 2.5 మైక్రాన్ల కన్న చిన్న రేణువులు ఉంటాయి. వీటి పరిమాణం తలవెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. ముక్కు వీటిని ఆపలేదు. ఊపిరితిత్తుల చివరనున్న గాలితిత్తుల దాకా పోతాయి. ఏళ్ళ తరబడి పీల్చగా శ్వాసనాళాలు వాచి ఇరుకవుతాయి. దీనిని వైద్యులు సి.ఓ.పి.డి. అంటారు. పోయిన ఊపిరి పూర్తిగా తిరిగి రాదు. పొగ మానితే నష్టం పెరగడం తగ్గుతుంది. పొయ్యి దగ్గర తల్లి చంకలో ఉండే బిడ్డకు న్యుమోనియా ప్రమాదం ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో ఇంటిలోని పొగ వల్ల ప్రపంచమంతటా సుమారు 32 లక్షల మంది మరణించారు.

1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల పథకం వచ్చి ఎన్నో ఇళ్ళకు గ్యాసు చేరింది. అయినా కాఫీకి, చుట్టాలు వస్తే గ్యాసు. వేడినీళ్ళకు, ఉలవలు ఉడకబెట్టడానికి, దాలిలో పాలు కాచడానికి కట్టెలు, పిడకలు. సిలిండరు ధర చూస్తే ఇది తప్పని అనలేము. అయితే పొగ కొంత తగ్గినంత మాత్రాన ఊపిరితిత్తులకు రక్షణ కలగదు.

పశువులున్న మనకు మరొక దారి ఉన్నది. పిడకలు చేసే పేడనే గోబరుగ్యాసుకు వాడవచ్చును. 2 ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజుకు సుమారు 50 కిలోల పేడ, అంతే నీరు కావాలి. నాలుగైదు పశువులుంటే చాలు. చిన్న కుటుంబం వంట పొగ లేకుండా జరుగుతుంది. పిడక కాలిస్తే నత్రజని గాలిలో కలిసిపోతుంది. ప్లాంటు నుండి వచ్చే మడ్డి పొలానికి మంచి ఎరువు.

ప్లాంటు పెట్టలేని వారు ఎండిన కట్టెలే వాడాలి. పొయ్యిని ఆరుబయటకు మార్చాలి, లేదా పొగగొట్టం పెట్టి ఏటేటా మసి దులపాలి. పిల్లలను పొయ్యికి దూరంగా ఉంచాలి.

రెండు వారాలు దాటిన దగ్గుకు ప్రభుత్వాసుపత్రిలో కఫ పరీక్ష చేయించాలి. క్షయ లేదని తేలినా ఆయాసం తగ్గకపోతే ఊపిరితిత్తుల పరీక్ష అడగాలి. గేదె ఒక పూట మేత ముట్టకపోతే పశువుల డాక్టరుకు కబురు పెడతాము. ఆ పాలు పితికే ఇల్లాలి దగ్గును ఏళ్ళ తరబడి వదిలివేయరాదని సభ్యులకు మా మనవి.