సంతకు పోవు ఛాయాచిత్రములు

మన ఇండ్ల గోడలకు చిరకాలముగా రెండు విధములైన పటములే ఎక్కుచు వచ్చినవి. ఒకటి దేవుళ్ళ పటములు; రెండవది పోయిన పెద్దల ఫోటోలు. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో శిలాముద్రణాలయము నెలకొల్పి లక్ష్మీసరస్వతుల చిత్రములను విరివిగా అచ్చొత్తించిన నాటినుండి, కలవారి చావడిలోనే గాక పూరింటి మట్టిగోడమీద సైతము రంగుల దేవతలు కొలువుదీరిరి. తాతగారి ఫోటోకు కుంకుమబొట్టు, గంధపుపూసల దండ, తద్దినమునాడు కొత్త పూలమాల నేటికిని మనమెరిగినవే. ఈ రెండింటికిని చెందని మూడవ పటమును, అనగా ముక్కుమొగము తెలియని వాడెవడో తీసిన ఒక నది ఫోటోనో, ఒక వీధి ఫోటోనో వెల యిచ్చి కొని, మేకు కొట్టి, ముందుగదిలో తగిలించుకొను అలవాటు మనవారిలో ఇప్పుడిప్పుడే పాదుకొనుచున్నది. కళాసంతలలో ఛాయాచిత్రములు అమ్మదలచినవాడు మొట్టమొదట తెలిసికొనవలసినది ఈ గోడ చరిత్రమేయని నా నమ్మకము.

బెంగళూరులో కర్ణాటక చిత్రకళా పరిషత్తువారు ఆరంభించిన చిత్రసంతెను మనలో కొందరు చూచియే యుందురు. జనవరిమాసపు ఆదివారమునాడు కుమారకృపా మార్గమంతయు చిత్రకారులతో నిండిపోవును. పటములు చెట్లకు చేరగిలి, కాలిబాటపై పరచుకొని, గోడలకు వ్రేలాడుచు దారిపోవువారిని పలుకరించుచుండును. అంతటి వైభవము లేకపోయినను, మన పట్టణములందును చలికాలపు సాయంకాలములలో ఉద్యానవనములలోనో, కాలనీల ఆటస్థలములలోనో చిన్న చిన్న కళాసంతలు జరుగుచునే యున్నవి. అచ్చటికి వచ్చువాడు పిల్లవానిని భుజముపై నెత్తుకొని, చేత పీచుమిఠాయి పట్టుకొని, షికారుకు బయలుదేరిన గృహస్థుడు. అతడు మన స్టాలు ముందు నిలుచునది కొన్ని క్షణములు మాత్రమే. ఆ కాస్తలోనే మన పటమును మనసున తన యింటి గోడకు తగిలించి చూచుకొని, నప్పిన ఆగును, నప్పకున్న సాగిపోవును.

మొదటిసారి హైదరాబాదులో ఒక సంతకు నలుబది ఫోటోలు కట్టుకొని పోయినప్పుడు నాకీ సంగతి తెలియదు. నాకు ప్రియమైనవన్నియు ఏరి పెట్టుకొంటిని. ఒకదానికై తెల్లవారుజామున మూడు గంటలకు లేచి యుంటిని. ఒకదానికై మోకాలిలోతు బురదలో గంటసేపు నిలిచితిని. ఒక కొంగ రెక్క విప్పుటకై మూడు దినములు కాచుకొంటిని. సాయంకాలమునకు అమ్ముడుపోయినవి మూడు. ఇంటికి మోసికొనివచ్చిన ముప్పదియేడు పటములను గోడవార నిలబెట్టి, రాత్రి చాలసేపు వానినే చూచుచు కూర్చుంటిని. పడిన శ్రమ కాగితముమీదికి రాదని నాకప్పుడు తోచినది. తీసినవానికి మాత్రము ఫోటో చూచినప్పుడెల్ల ఆ చలి, ఆ బురద, ఆ నిరీక్షణ జ్ఞప్తికి వచ్చి, దానియందు లేని శోభ యొకటి కానవచ్చును. ఎంపికకు కూర్చున్నవాడు ముందుగా అణచుకొనవలసినది ఈ మమకారమునే.

ఆనాడు నేను నడిమధ్యను వ్రేలాడగట్టినది కొవ్వూరు సంతలో చింతపండు అమ్ముకొను ఒక వృద్ధురాలి ముఖము. నుదుటి ముడుతలలో ఏటవాలుగా ఎండపడి, ముక్కుపుడక తళుక్కుమనుచు, పెదవిచివర నవ్వు మొదలగుచుండగా చిక్కినది. దానిముందు ఆగనివారు లేరు. ఒక యిల్లాలు రెండుమారులు వచ్చి చూచి, వెల కూడ అడిగి, తుదకు నాతో ఇట్లనెను: “ఎంత బాగా తీశారండీ! కొందామనే ఉంది. కానీ ఇంటికొచ్చినవాళ్ళు ఈవిడెవరూ, మీ అత్తగారా అని అడిగితే ఏం చెప్పనండీ?”

ఆమె మాటలో మన గోడల ధర్మమంతయు ఇమిడియున్నది. మన యింట గోడమీది ముఖమునకు చుట్టరికము కావలెను. ఎంతటి గొప్ప చిత్రమైనను, కన్నులలోనికి సూటిగ చూచెడి అపరిచితుని ముఖమును నట్టింట నిలుపుకొనుటకు మనసొప్పదు. అదే మనిషి అటుతిరిగి గొడుగు పట్టుకొని గట్టువెంట పోవుచున్నచో, వరిచేనిలో వంగి నాటువేయుచు చిన్నదిగా కనబడుచున్నచో, అభ్యంతరముండదు. ముఖము కనబడని ఆ మనిషి చూచువారికి తమ తల్లి కావచ్చును, తాత కావచ్చును. ముఖచిత్రములు తీయవలదని నా మాటకర్థము కాదు. వానికి ప్రదర్శనశాలలున్నవి, పత్రికలున్నవి, పుస్తకములున్నవి. సంతకు కట్టెడి మూటలో మాత్రము వానికి చోటు తక్కువ.

ఆ దినముననే మరియొక పాఠము దొరకినది. గోదావరిమీది పాత హేవలాక్ వంతెనను కొవ్వూరు గోష్పాదరేవునుండి డిసెంబరు మంచులో తీసిన ఫోటో యొకటి నావద్ద నుండెను. రాతిస్తంభములు ఒకదానివెనుక నొకటి పలుచబడుచు పోయి తెల్లదనములో కలిసిపోవును. క్రింద ఒకే యొక పడవ. రంగులు లేవని, ఎవరికి పట్టునులే యని, దానిని స్టాలు మూలకు తగిలించితిని. డెబ్బదియేండ్ల పెద్దమనిషి ఒకరు నడచిపోవుచు ఆగి, వెనుకకు వచ్చి, కండ్లజోడు తీసి తుడుచుకొని మరల పెట్టుకొని, అద్దమునకు వ్రేలు తగులునంత దగ్గరగా స్తంభములను లెక్కింపసాగిరి.

“ఇది కొవ్వూరు వైపు నుంచి తీసిందేనాండీ?” అని అడిగిరి.

“అవునండీ. ఎలా గుర్తుపట్టారు?”

“సూర్యుడు రాజమండ్రి వెనకాల లేస్తున్నాడు కదండీ. మా నాన్నగారు ఈ వంతెన మీద గ్యాంగుమేను. చిన్నప్పుడు ఆయనకి క్యారేజీ పట్టుకెళ్ళేవాణ్ణి.”

1900లో రైళ్ళకు తెరచి, 1997లో విశ్రాంతి నిచ్చిన ఆ యేబదియారు ఖానాల వంతెన ఆయనకు తండ్రి అన్నపుగిన్నెను మోసిన త్రోవ. ఆయన వెల అడుగకమునుపే పటమును దింపించిరి. వెనుకవైపున ఏ రేవునుండి, ఏ తేదీని తీసినది వ్రాసి యిమ్మనిరి. నాటినుండి ప్రతి పటము వెనుకను పెన్సిలుతో ఊరు, తేదీ వ్రాయుట నాకు నియమమైనది. కొనువారిలో పెక్కురు పటమును తిరుగవేసి దానిని చదువుదురు.

ఇట్లనగా ప్రసిద్ధస్థలముల ఫోటోలన్నియు అమ్ముడుపోవునని భ్రమపడరాదు. చార్మినారును ఎదుటనిలిచి తీసిన ఫోటో పోస్టుకార్డుమీదను, క్యాలెండరుమీదను, బిస్కత్తుడబ్బామీదను అందరును చూచినదే. దానికి మరల వెల యెవరిత్తురు? లాడ్‌బజారులో గాజులు వరుసలుగా పేర్చిన కొట్టు లోపలినుండి, గాజుల నడుమ సందులో, దూరముగా ఒక మినారు మాత్రము కనబడునట్లు తీసినది నావద్ద ఏటేట పోవుచున్నది. దానిని కొనువారిలో ఎక్కువమంది అమెరికాలోనున్న బిడ్డకు పంపదలచిన తల్లిదండ్రులు. వారికి ఫ్రేము వలదు, అద్దము వలదు. అట్టగొట్టములో చుట్టి పెట్టెలో పెట్టుకొనుటకు వీలుగానున్న చాలును. కనుక ఏ ఫోటో అనునదే గాక, అది ఎవరి చేత, ఏ దారిని ఇల్లు చేరునో అదికూడ ఎంపికలో భాగమే.

మనవారిలో పెక్కురకు వాస్తుపట్టింపు కలదు. ఎండినచెట్టు, మునిగిన పడవ, ఒంటరి శిథిలము ఎంత సొగసుగ నున్నను ముందుగదికి రానీయరు. ఏడుగుర్రముల పటము ఉన్నదా యని ప్రతిసంతలోను ఎవరో యొకరు నన్నడుగుదురు. లేదని చెప్పుదును. కొనువాని విశ్వాసమును గౌరవింపవలెను గాని, దానికొరకు నా కంటికి నచ్చనిదానిని తీసి అమ్మలేను. అట్లు అమ్మబూనినవాడు రెండేండ్లలో కెమెరాను విసుగుకొనును.

ఇక ఏరుట యెట్లన్న, నాకు కుదిరిన పద్ధతి యొకటే. సంతకు నాలుగైదు నెలలముందు, పనికివచ్చునని తోచిన అరువది ఫోటోలను 4x6 అంగుళముల చిన్నసైజులో అచ్చువేయించి, వంటింటికి పోవు దారిలోని గోడకు అంటింతును. దినమునకు పదిమారులు ఆ దారిని పోవలసియే యుండును గదా! మొదటివారము మిరుమిట్లు గొలిపిన సంధ్యారాగములు మూడవవారమునకు వెలవెలబోవును. అట్టిదానిని తీసివేయుదును. ఒకేరేవు, ఒకేపడవ నాలుగు కోణములలో నున్నచో ఒకదానినే యుంచుదును. నాలుగింటిని ప్రక్కప్రక్కన చూచిన కొనువాడు ఏది తీసికొనవలెనో తేల్చుకొనలేక ఏదియు తీసికొనడు. నెలలు గడచినను చూడబుద్ధియగుచున్నవి ఏవో, అవియే పరుల గోడపై పదేండ్లు నిలువగలవు.

ఇంత చేసి నిలిచినదియు కాగితముమీద ఓడిపోవచ్చును. ఫోను తెర తానే వెలుగునిచ్చును. కాగితము పరాయివెలుగుతో బ్రతుకును. అందువలన తెరమీద కాంతిమంతముగానున్న ఫోటో అచ్చులో చీకటిబారును. పెద్దది వేయించుటకుముందు చిన్న అచ్చొకటి తీయించి, ఇంటి దీపము క్రింద చూచుకొనవలెను. అంగుళమునకు 300 చుక్కలు కావలెనన్న లెక్కన 12x18 అంగుళముల పటమునకు 3600ను 5400తో గుణింపగా కోటి తొంబదినాలుగు లక్షల పిక్సెళ్ళు కావలెను. నేటి మంచి కెమెరాలకు ఇది సులభమే గాని, వాట్సాపులో వచ్చి చిక్కిపోయిన ఫోటోకు సాధ్యముకాదు. 12x18 అనుటకు మరియొక కారణము: పెక్కు కెమెరాల చట్రము మూడుకు రెండు పాళ్ళలో నుండుటచే, ఆ కొలతకు ఏమియు కత్తిరింపనక్కరలేదు. 8x10కు దింపినచో ప్రక్కను కొంత కోసివేయవలసివచ్చి, ఒక్కొక్కప్పుడు పడవముక్కే పోవును. నేను మొదటిసంతకు తళతళలాడు నునుపుకాగితము వేయించి, స్టాలు దీపములన్నియు దానిలో ప్రతిఫలించి, ఫోటోకు బదులు చూచువారి ముఖమే కనబడుట ఎరుగుదును. మెరుపులేని దళసరి కాగితమే సంతకు మేలు.

అమెరికా ఛాయాచిత్రకారుడు ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ గ్రామముమీద చంద్రోదయమును తీసిన ఒకే నెగటివునుండి జీవితకాలములో 1300కు పైగా ప్రతులు అచ్చువేసెను. ఏండ్లు గడచినకొలది అందులోని ఆకాశమును నల్లబరచుచు పోయెను. ఎల్లరును అడుగునది ఒకటియో రెండో ఉండుట అమ్మకముదారునకు వరమే. అదే ఫోటోను మరల మరల అచ్చువేయుటలో చులకన యేమియు లేదు.

ఒక హెచ్చరిక అవసరము. పెండ్లిఫోటోలు తీయువారు తమ ఉత్తమచిత్రములని వధువుల ఫోటోలను సంతకు తెచ్చుట నేను చూచితిని. వేరు ఒప్పందము లేనప్పుడు, సొమ్ము పుచ్చుకొని ఒకరికొరకు తీసిన ఫోటోపై హక్కు ఆ సొమ్మిచ్చినవారిదే యని 1957 నాటి కాపీరైటు చట్టము చెప్పుచున్నది. చట్టము మాట అటుండనిచ్చి, పరుల యింటి శుభకార్యమును సంతలో వ్రేలాడగట్టుట మర్యాద యగునా?

ఆషాఢములో ఈయేడు గోడకంటించిన అరువదింటిలో కార్తికమునాటికి పదునేడు మిగిలినవి. స్టాలు గోడలకు పట్టునవి పండ్రెండు. నిన్న సాయంకాలము ఒక చెరువుగట్టు ఫోటోను తీయబోగా, లోపలినుండి నా భార్య, “దాన్ని తియ్యకండి, కాఫీ పెట్టేటప్పుడు నాకు అదే కనిపిస్తుంది” అనెను. దానిని అట్లే యుంచితిని. తక్కిన వానిలో ఐదింటిని ఈ ఆదివారములోగా దింపవలసియున్నది.