ఒక్క మిల్లీవాట్ శిల్పం

గోడకు తగిలించిన రెండు చెక్క చక్రాలు ఒకే ఇరుసు మీద ఎదురు దిక్కుల్లో తిరుగుతుంటే తొమ్మిదో తరగతి పిల్లలు ముందు అడిగేది బ్యాటరీ ఎక్కడుందనే. బ్యాటరీ లేదు, మోటారూ లేదు. ఉన్నదల్లా వెనక చుట్టుకుని ఉన్న స్టీలు పట్టీ. ఈ శిల్పాల్లో నాకు అన్నిటికన్నా ముద్దొచ్చేది అదే.

అమెరికాలోని కనెక్టికట్‌లో డేవిడ్ రాయ్ ఇలాంటి చెక్క శిల్పాలు చెయ్యడం 1975లో మొదలుపెట్టారు. ఆయన చదివింది భౌతికశాస్త్రం. ఆ చదువు ఊరికే పోలేదు: ఒకసారి కీ ఇస్తే చక్రాలు గంటల తరబడి ఆడతాయి.

మామూలు గడియారం స్ప్రింగుకు ఒక జబ్బుంది. నిండా చుట్టినప్పుడు గట్టిగా లాగుతుంది, విప్పుకునే కొద్దీ నీరసిస్తుంది. పాతకాలపు గడియారాలవాళ్లు దీనికి విరుగుడుగా శంకువు ఆకారపు కప్పీకి గొలుసు చుట్టారు. స్ప్రింగు జోరు మీదున్నప్పుడు గొలుసు సన్నటి కొన దగ్గర లాగుతుంది, నీరసించాక లావుపాటి మొదలు దగ్గర. తెలివైన ఉపాయమే గాని, చెయ్యడం చచ్చే చాకిరీ.

మన శిల్పం వెనకున్న స్టీలు పట్టీ, అంటే స్థిరబల స్ప్రింగు, ఆ బాదరబందీ అంతా వదిలించింది. పట్టీలో ప్రతి అంగుళమూ తనంతట తాను ఒకే వంపులోకి చుట్టుకునేలా ముందే వంచి తయారుచేస్తారు. లాగినప్పుడు చుట్ట మొత్తం సాగదు. చుట్ట నుంచి విడివడుతున్న ఆ కాస్త ముక్కే వంపు పోయి తిన్నగా అవుతుంది. బయటికొచ్చిన భాగం పని అయిపోయింది, లోపలున్న దాని వంతు ఇంకా రాలేదు. అందుకే పది సెంటీమీటర్లు లాగినా రెండు మీటర్లు లాగినా చేతికి తగిలే బలం ఇంచుమించు ఒకటే. వంపు మార్చకుండా పట్టీ మందం రెట్టింపు చేస్తే మాత్రం బలం ఎనిమిదింతలవుతుంది.

ఒక లెక్క వేద్దాం. 20 న్యూటన్ల స్ప్రింగును 2 మీటర్లు లాగితే దాచుకునేది 40 జౌళ్లు. దాన్ని పది గంటల పాటు, అంటే 36,000 సెకన్ల పాటు, ఖర్చుపెడితే దక్కేది ఒక మిల్లీవాట్ చిల్లర. టీవీ కట్టేశాక వెలిగే ఎర్రచుక్కకు కూడా మామూలుగా ఇంతకన్నా ఎక్కువే కావాలి. అంత పేద యంత్రానికి ఘర్షణే ప్రాణగండం. బేరింగులోని గ్రీజు సైతం భారమే, కడిగేసి పలచటి నూనె చుక్క వెయ్యాలి. చక్రం ఒక పక్క బరువుంటే ఆ పక్కే కిందికొచ్చి ఆగుతుంది. అక్కడ వెనకవైపు డ్రిల్లుతో కాస్త కాస్త చెక్క తీసి సరిచెయ్యాలి.

ఇంట్లో పెట్టుకునే, కంప్యూటర్ నడిపే కోత మిషన్, అంటే సీఎన్‌సీ రౌటర్, అక్కరకొచ్చేది చక్రాలు కొయ్యడానికి. దాని స్టెప్పర్ మోటారు చుట్టుకు 200 అంగలు వేస్తుంది. స్క్రూ చుట్టుకు 8 మిల్లీమీటర్లు జరిపేదైతే ఒక్కో అంగ 0.04 మిల్లీమీటరు. గుండ్రటి బిట్టు కాబట్టి లోపలి మూలను మాత్రం చచ్చినా నలుపలకగా కొయ్యలేదు. చెక్క విషయానికొస్తే బర్చ్ ప్లైవుడ్డే మేలు. ఒంటి పలకైతే వానాకాలం పోగుకు అడ్డంగా ఉబ్బి చక్రాన్ని కోలగా మార్చేస్తుంది.

సీఎన్‌సీ మిషన్ పుట్టింది బొమ్మల కోసం కాదు. హెలికాప్టర్ రెక్కల వంపుల లెక్కలతో తంటాలు పడిన జాన్ పార్సన్స్ ఆలోచన ఇది. పంచ్ టేపు చదివి లోహాన్ని కోసే యంత్రాన్ని 1952లో ఎంఐటీ చూపించింది. 2009లో జీఆర్‌బీఎల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వచ్చాక ఆ తెలివి ఆర్డ్యునో అనే చిన్న సర్క్యూట్ బోర్డులో ఇమిడిపోయింది.

మళ్లీ శిల్పానికొస్తే, రెండు చక్రాలకూ ఒకే డిజైను ఫైలు చాలు. రెండోదాన్ని తిరగేసి బిగిస్తే చక్రాల్లోని వంపు ఆకులు ఎదురుబొదురుగా అడ్డం పడతాయి. చక్రాలు సమాన వేగంతో ఎదురు తిరిగితే, ఆకులు ఖండించుకునే చోట్లు మాత్రం తిరగవు. తిన్నటి గీతల మీద నడిమి నుంచి అంచుకో, అంచు నుంచి నడిమికో పరుగెడతాయి. ఒక చక్రం వెనకబడిందా, ఆ గీతలన్నీ రెండో చక్రం తిరిగే దిక్కుకే జరగడం మొదలుపెడతాయి. అవి ఎటు జరుగుతున్నాయో చూస్తే ఏ బేరింగు విప్పాలో తెలిసిపోతుంది.