మెట్లు లేని సాయంకాలం

చెన్నపట్నంలో కాపురముంటూ సముద్రం చూడనివారు కూడా ఉంటారా అని చదువరులు నవ్వవద్దు. మా బాల్యమిత్రుడు ఒకడు తొమ్మిదేండ్లుగా చూడలేదు. ప్రమాదంలో కాళ్లు పడిపోయిన నాటినుండి అతనికి చక్రాల కుర్చీయే ఆధారం.

ఆ మధ్య ఒక పెండ్లికి వచ్చాడు. మండపం మేడమీద. నలుగురం కలిసి కుర్చీతో సహా ఎత్తి పద్దెనిమిది మెట్లు ఎక్కించి, ఘనకార్యం చేశామనుకున్నాము. ఆ తరువాత అతడు ఏ శుభకార్యానికీ రాలేదు. కారణమడిగితే, “ఒరేయ్, ఆరోజు మీరు మోసింది మనిషిని కాదు, మూటను. అందరూ పెండ్లికూతురిని వదిలి నన్నే చూశారు” అన్నాడు. మాకు తల కొట్టేసినట్లయింది.

కాబట్టి ఎవరూ ఎవరినీ ఎత్తనక్కరలేని సాయంకాలం ఒకటి ఏర్పాటు చేయాలని పూనుకున్నాము. మేము గుమాస్తా ఉద్యోగం చేసేవారము. కాగితం మీద పెట్టనిదే మాకు ఏ పనీ సాగదు. ముందుగా అతనినే అడిగాము. కుర్చీ వెడల్పు 26 అంగుళాలు, మడిస్తే ఆటోలో పడుతుంది, చేతుల బలంతో తానే సీటు మీదికి మారగలడు. ఇవన్నీ చెప్పి, కాసేపాగి, “మరుగుదొడ్డి ఎక్కడుందో కనుక్కోరా. అది తెలియకపోతే నేను పొద్దుటినుంచి మంచినీళ్లు ముట్టను” అన్నాడు. ఇన్నేండ్ల స్నేహంలో ఈ సంగతి మాకు తోచనే లేదు.

తరువాత ఫలహారశాలలకు ఫోను చేశాము. ఒకచోట “మెట్లు లేవండి” అన్నారు. ముందురోజు టేపు పట్టుకుని వెళ్లి చూస్తే రెండు మెట్లు! “రెండే గదండీ, మావాళ్లు ఎత్తేస్తారు” అన్నాడు యజమాని. నడిచేవానికి రెండు మెట్లు లెక్కలోకి రావు. మొన్నటిదాకా మేమూ అంతే. ప్రభుత్వ ప్రమాణం ప్రకారం అంగుళం ఎత్తుకు పన్నెండంగుళాల వాలు కావలెను. ఆరంగుళాల మెట్టు ఒక్కటి ఉన్నా ఆరడుగుల వాలు కట్టవలెనన్నమాట. ఇది దయాధర్మం కాదు, 2016 నాటి చట్టం ఇచ్చిన హక్కు. కనుక “మెట్లున్నాయా?” అని కాక, “వీధినుంచి బల్లదాకా ఎన్ని మెట్లు? తలుపు ఎన్ని అంగుళాలు?” అని అడగాలి. నాలుగోచోట నేల సమంగా ఉన్న శాల దొరికింది.

శనివారం సాయంత్రం వాషర్మన్‌పేటలో లిఫ్టు ఎక్కి మెట్రో రైలు పట్టుకున్నాము. గవర్నమెంట్ ఎస్టేట్‌లో దిగి, ఆటోలో మెరీనా చేరాము. అక్కడ వివేకానందర్ ఇల్లం ఎదుట ఇసుక మీద 263 మీటర్ల చెక్కబాట ఉన్నది. 2022 నవంబరులో ప్రారంభించారు. మరుసటి నెలలోనే మాండూస్ తుపాను దెబ్బతీస్తే బాగుచేశారు. అలవాటుకొద్దీ కుర్చీ వెనుక పిడి పట్టుకోబోయాము. “వదులు” అన్నాడు. తానే చక్రాలు తిప్పుకుంటూ చివరిదాకా వెళ్లాడు. చాలాసేపు అలలవైపు చూస్తూ మాటాడలేదు. మేమూ పలకరించలేదు.

ఇంతలో సుండల్ కుర్రవాడు వచ్చి, “సారుకు ఎంత?” అని అరవంలో మమ్మల్ని అడిగాడు. “సారు ఇక్కడే ఉన్నాడు, సారునే అడుగు” అని మా మిత్రుడు నవ్వి, రెండు పొట్లాలు కొని తానే డబ్బులిచ్చాడు. రాత్రి దోసెల బిల్లు కూడా మమ్మల్ని చెల్లించనివ్వలేదు.

ఇంటివద్ద దిగబెట్టినప్పుడు, “ఒరేయ్, ఈసారి మన ఉగాది సభ ఎక్కడ?” అని అడిగాడు. ఈ మాట అతని నోట విని తొమ్మిదేండ్లయింది. హాలు ఇంకా కుదరలేదని చెప్పాము.

కార్యదర్శిగారు హాలు చూడబోయేటప్పుడు మాకు కబురు చేయగోరుతున్నాము. టేపు మా దగ్గర ఉన్నది.