బాస్టోయ్ ద్వీపంలో బాలుర తిరుగుబాటు

దిల్‌సుఖ్‌నగర్ మొదలు ఎల్.బి. నగర్ వరకు గల మార్గానికి ఇరువైపులా శిక్షణాలయాలు, విద్యార్థుల వసతిగృహాలు కిక్కిరిసి ఉన్నవి. పరీక్షా ఫలితాలు వెలువడగానే ఇచటి గోడలపై బాలుర ఛాయాచిత్రాలు, వాటి క్రింద ర్యాంకుల సంఖ్యలు వెలుస్తాయి. అనతిదూరంలో, సైదాబాదులో, ప్రభుత్వ బాలుర గృహం ఉన్నది. న్యాయవిచారణలో ఉన్న బాలుని పేరుగాని, చిత్రంగాని ప్రకటించరాదని చట్టం శాసించింది. ఆ నిషేధం వారి మేలు కోరినదే. అయితే, ముఖం కనబడని బాలుని మాట ఎవరి చెవిన పడాలి? ఈ ప్రశ్నను సూటిగా వేసిన చిత్రమొకటి 2010లో నార్వేలో వెలువడింది. దాని పేరు ‘కోంగెన్ ఆవ్ బాస్టోయ్’. అనగా బాస్టోయ్ రాజు. దర్శకుడు మారియస్ హోల్స్ట్.

ఆస్లో నగరానికి దక్షిణాన, సముద్రపు పాయలో ఉన్నది బాస్టోయ్ ద్వీపం. దారితప్పిన బాలురను తీర్చిదిద్దుటకై 1900లో అచట సంస్కరణాలయాన్ని నెలకొల్పారు. చిత్రంలో, లోపల అడుగిడిన బాలుని పేరు తీసివేసి సంఖ్య తగిలిస్తారు. కొత్తగా వచ్చిన ఎర్లింగ్ సి-19. బక్కపలచని ఈవర్ సి-5. సత్ప్రవర్తనతో విడుదలకు సిద్ధంగా ఉన్న ఓలావ్ సి-1. మన వీధిగోడలపై సంఖ్య కీర్తి. అక్కడ అదే సంకెల.

పర్యవేక్షకుడు బ్రోటెన్ ఈవర్‌పై అత్యాచారం చేస్తున్నాడని ఓలావ్ గ్రహిస్తాడు. తన విడుదలకు భంగం కలుగునని తెలిసియు, అధికారికి విన్నవిస్తాడు. ఆ అధికారి పాత్రను స్టెలాన్ స్కార్స్‌గార్డ్ కేవలం దుష్టునిగా మలచలేదు. ఆయన దైవభక్తుడు, క్రమశిక్షణాపరుడు. కాని సంస్థ ధనం స్వంతానికి వాడుకొన్న గుట్టు బ్రోటెన్‌కు తెలుసు. అందుచేత విని కూడ మిన్నకుంటాడు. ఈవర్ జేబులలో రాళ్లు నింపుకొని సముద్రంలోకి నడిచిపోతాడు. బ్రోటెన్‌ను తొలగించారని బాలురు నమ్ముతారు. విడుదలనాడు పడవ దగ్గరకు నడుస్తున్న ఓలావ్‌కు అతడే తిరిగి వస్తూ ఎదురవుతాడు. తిరుగుబాటు అక్కడ పుట్టింది. చాకిరీని, చలిని, దెబ్బలను అంతవరకు ఓర్చినవారే వారు!

చిత్రంలో ఇదంతా శీతకాలంలో జరుగుతుంది. గడ్డకట్టిన సముద్రంపై బాలురు పారిపోతారు. నిజమైన తిరుగుబాటు 1915 మే నెలలో జరిగింది. మంచు దర్శకుని కల్పన. దృశ్యానికి అది శోభనిచ్చిన మాట నిజమే గాని, చరిత్ర చదువుకొనే విద్యార్థి ఈ భేదం గుర్తించాలి. సైన్యం దిగి బాలురను అణచివేయడం మాత్రం కల్పన కాదు. ప్రపంచయుద్ధంలో తటస్థంగా నిలిచిన దేశం తన పిల్లలపైకి సైనికులను పంపింది! సంస్కరణాలయం 1970లో మూతపడింది. నేడు ఆ ద్వీపంలో వయోజనులకు బహిరంగ కారాగారం ఉన్నది.

మన దేశంలో 2015 నాటి బాలల న్యాయచట్టాన్ని అనుసరించి 2016లో వెలువడిన నమూనా నియమాలలో చిన్న అంశమొకటి ఉన్నది. ప్రతి గృహంలో పిల్లల సూచనల పెట్టె ఉండాలి. అది కార్యాలయానికి దూరంగా, పిల్లల గదులకు చేరువగా ఉండాలి. ఆ నియమం వ్రాసినవారు ఓలావ్ కష్టం ఎరిగినవారివలె తోచుచున్నారు. చీటీ వేసే బాలుని అధికారులు చూడరాదు గదా!

ఉపాధ్యాయులు పై తరగతుల విద్యార్థులకు ఈ చిత్రాన్ని చూపదలచినచో ముందుగా తాము చూడవలెను. ఈవర్ వృత్తాంతం పసివారికి తగినది కాదు.