కారణాంకం దొరకని సంయుక్త సంఖ్యలు

15 ప్రధాన సంఖ్య కాదని చెప్పడానికి మూడైదులు పదిహేను అంటే చాలు. కానీ 3,15,653 అంకెలున్న ఒక సంఖ్య ఉంది. అది సంయుక్త సంఖ్యేనని 1980ల చివర్లోనే రుజువైంది. అయినా 1నీ, తననూ మినహాయిస్తే దాన్ని నిశ్శేషంగా భాగించే సంఖ్య ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు. అంకెల లోకంలో నాకు తెలిసినంతలో ఇంతకు మించిన వింత లేదు.

దాని పేరు 20వ ఫెర్మా సంఖ్య. 2కు 1, 2, 4, 8, 16 ఇలా రెట్టింపవుతూ పోయే ఘాతాలు వేసి ఒకటి కలిపితే 3, 5, 17, 257, 65537 వస్తాయి. అయిదూ ప్రధాన సంఖ్యలే. వరుస సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి 65537 నాలుగోది. ఇక ముందువన్నీ ఇంతేనని 17వ శతాబ్దంలో ఫ్రాన్సుకు చెందిన ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ అయిదోదాన్ని, అంటే 4294967297ను, 641 భాగిస్తుందని చూపించాడు.

ఇది కాగితమూ అక్కర్లేకుండా సరిచూసుకోదగ్గ అందమైన లెక్క. 640 అంటే 5 × 2⁷. దాన్ని 641తో భాగిస్తే శేషం −1 అనుకోవచ్చు. నాలుగో ఘాతానికి వెళ్తే 5⁴ × 2²⁸ శేషం 1 అవుతుంది. ఇటు 641 అంటే 625 + 16, అంటే 5⁴ + 2⁴. కాబట్టి 5⁴ ఉన్నచోట −2⁴ పెట్టుకోవచ్చు. అప్పుడు −2³² శేషం 1. అంటే 2³² + 1ని 641తో భాగిస్తే మిగిలేది సున్నా!

ఆరోది 18446744073709551617. చదరంగం గళ్లలో రెట్టింపు చేస్తూ పోసిన గింజల కథ తెలుసు కదా, ఆ మొత్తానికి రెండు కలిపితే ఇదే. 1880లో లాండ్రీ అనే ఫ్రెంచి గణితవేత్త 274177 దీన్ని భాగిస్తుందని కనుక్కున్నాడు. అప్పటికి ఆయన వయసు 82. ఇక 39 అంకెల ఏడోది సంయుక్తమని 1905లో తేలినా, దాన్ని రెండు ముక్కలు చేయడం 1970లో గానీ కుదరలేదు.

ముక్కలు దొరక్కుండానే ఎలా తేలింది? పెపిన్ అనే గణితవేత్త 1877లో ఇచ్చిన పరీక్ష వల్ల. 3ను వర్గం చెయ్యాలి, పరీక్షిస్తున్న ఫెర్మా సంఖ్యతో భాగించి శేషం మాత్రం ఉంచుకోవాలి, శేషాన్ని మళ్లీ వర్గం చెయ్యాలి. ఇలా నిర్ణీతమైనన్ని సార్లు చేశాక అసలు సంఖ్యకన్నా ఒకటి తక్కువ మిగిలితే అది ప్రధాన సంఖ్య, లేకపోతే సంయుక్త సంఖ్య. కారణాంకాల ఊసే రాదు. 14వ దాన్ని ఈ పరీక్ష 1960ల్లోనే తేల్చేసింది. దాని మొదటి కారణాంకం 2010లో బయటపడింది, దానికే 54 అంకెలు. 24వ దానికి 50 లక్షలకు పైగా అంకెలున్నాయి. 1999లో దాన్ని పరీక్షించిన ముగ్గురు 1,67,77,215 సార్లు వర్గం చేయించారు, తప్పు దొర్లకుండా వేర్వేరు యంత్రాలమీద సరిచూసుకున్నారు. దానికీ కారణాంకం దొరకలేదు.

దీనికి పూర్తిగా తలకిందులైన సంగతి 1,82,33,954వ ఫెర్మా సంఖ్యది. ఆ సంఖ్యలో ఎన్ని అంకెలున్నాయో రాయడానికే 54 లక్షల 88 వేలకు పైగా అంకెలు కావాలి. పెపిన్ పరీక్ష దాని దరిదాపులకు కూడా పోలేదు. అయినా 2020లో దాని కారణాంకం ఒకటి దొరికింది: 7 × 2¹⁸²³³⁹⁵⁶ + 1.

అయిదు నుంచి ముప్పై రెండు దాకా ఫెర్మా సంఖ్యలన్నీ సంయుక్తాలేనని తేలింది. 33వది ఏదో ఇంకా తెలియదు. దానికి 258 కోట్లకు పైగా అంకెలు. ఇంతవరకు కారణాంకమూ దొరకలేదు, పెపిన్ పరీక్షా ఎవరూ పూర్తి చేయలేదు.