తుపాకీ లేని వేటగాడు

'వేటగాడు' అనగానే మీకేం గుర్తొస్తుంది? 1979లో కె. రాఘవేంద్రరావు తీసిన సినిమా... ఎన్.టి.ఆర్., శ్రీదేవి! మరి 'వేట' అంటే? 1986 నాటి చిరంజీవి! నాకూ అంతే సుమండీ. ముప్పై మూడేళ్ళు వచ్చేదాకా వేట అంటే నా లెక్కలో భుజాన తుపాకీ, కాళ్ళకి బూట్లు, పొద చాటున పులి, వెనకాల కెవ్వుమనే హీరోయిను. అంతే!

అలాంటివాణ్ణి ఓ జనవరి సాయంత్రం కళింగపట్నం ఒడ్డున నిలబడి వుండగా, ఒకాయన ఇంకొకాయన్ని అడుగుతున్నాడు: "ఏటి మావా, ఏటకెల్నేదా?"

"ఎల్లొచ్చీసినాం. కవ్వళ్ళు తప్ప ఏటీ పడనేదు."

నేను ఉలిక్కిపడ్డాను. కళింగపట్నంలో వేటేమిటి? అటు చూస్తే వంశధార సముద్రంలో కలిసే చోటు, ఇటు చూస్తే లైట్‌హౌసు, ఎదురుగా బంగాళాఖాతం. పులి ఎక్కణ్ణించి వస్తుంది? అడిగితే వాళ్ళిద్దరూ నవ్వారు. ఈ తీరంలో వేట అంటే చేపల వేటే! శ్రీకాకుళం జిల్లాకున్న 193 కిలోమీటర్ల తీరంలో ఏ ఊళ్ళో అడిగినా ఆ మాటకి అదే అర్థం. అడవి వేటని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆపేసింది. ఒకప్పుడు విజయనగరం రాజకుమారుడు 'విజ్జీ', 1936లో ఇంగ్లండులో మన క్రికెట్ జట్టుకి కెప్టెన్‌గా వెళ్ళినాయన, మూడొందలకి పైగా పులుల్ని కొట్టానని చెప్పుకునేవారని అంటారు. ఇప్పుడు ఒక్కదాన్ని కొట్టినా జైలే. ఇక నాబోటి వాడికి మిగిలిన వేట ఒక్కటే. సముద్రం!

"నన్నూ తీసుకెళ్తారా?" అనేశాను. ఈతైనా సరిగ్గా రాదన్న సంగతి నోరు జారాక గుర్తొచ్చింది.

హీరో కూడా నేర్చుకోవాల్సిందే

నన్ను చూసి మీరు నవ్వుకునే ముందు ఒక్క మాట. 2023లో నాగచైతన్య, దర్శకుడు చందూ మొండేటి, నిర్మాత బన్నీ వాసు మా జిల్లాలోని మత్స్యలేశం వచ్చి మత్స్యకారులతో కూర్చుని మాట్లాడారు. వాళ్ళ యాస, వాళ్ళ బతుకు తెలుసుకున్నారు. అలా తయారైందే 2025 ఫిబ్రవరి 7న విడుదలైన 'తండేల్'. తండేల్ అంటే బోటుకి నాయకుడు. అంత పెద్ద హీరోయే ఊరొచ్చి అడిగి తెలుసుకోగా లేనిది, ముప్పై మూడేళ్ళ ప్రేక్షకుడు నేర్చుకుంటే తప్పేముంది?

నేను అడిగిన పెద్దాయనకి అరవై దాటి వుంటాయి. ఆయన్ని 'తాతా' అన్నాను. ఆయన నన్ను కిందికీ మీదికీ చూసి, "ముందు ఒడ్డు మీద నిలబడు బావూ. ఒడ్డు మీద నిలబడనోడు తెప్ప మీదేటి నిలబడతాడు?" అన్నాడు.

అదే నా మొదటి పాఠం. పేరు అలివి వల. సినిమాకి రిహార్సల్ ఎలాగో వేటకి అలివి వల అలాగ అనుకోండి. వల తాడు ఒక కొస ఒడ్డున మనుషుల చేతిలో వుంటుంది. పడవ వలని జారవిడుస్తూ సముద్రంలో అర్ధచంద్రాకారంగా చుట్టి, రెండో కొస తెచ్చి ఇంకో గుంపుకి అందిస్తుంది. రెండు గుంపులూ లాగుతూ, మెల్లగా ఒకదాని దగ్గరికొకటి జరుగుతాయి. చూస్తే పిల్లల ఆటలా వుంటుంది. లాగి చూడండి! అరగంటలో నా అరచేతులు బొబ్బలెక్కాయి. నా ముందున్న అరవయ్యేళ్ళ అప్ప మాత్రం పాట పాడుతూనే లాగుతోంది. చివర్న వల సంచీ ఒడ్డుకి చేరాక చూస్తే నెత్తళ్ళు, కవ్వళ్ళు, నాలుగు పీతలు. నా దోసిట్లో ఓ గుప్పెడు నెత్తళ్ళు పోశారు. తాడు పట్టినవాడికి వాటా వుంటుందట. జీతం అందుకున్నప్పుడు కూడా నాకంత గర్వం కలగలేదు, నిజం!

మూడు గంటలకి 'కాల్‌షీటు'

నెల రోజులు అలా ఆదివారాలన్నీ ఒడ్డు మీదే. ఈలోగా ఓ స్నేహితుడి దగ్గర ఈత నేర్చుకున్నాను. తెప్ప అంటే పాతకాలంలో దుంగలు కలిపి తాళ్ళతో కట్టేది. ఇప్పుడు చాలామట్టుకు ఫైబరు తెప్పలే, వెనకాల ఇంజను. ఫిబ్రవరిలో ఓ రోజు తాత కబురు పెట్టాడు: "రేపు మూడు గంటలకి వొచ్చీ."

మధ్యాహ్నం మూడు అనుకునేరు... తెల్లవారుజామున మూడు!

చీకట్లో ఆరుగురం తెప్పని నీళ్ళలోకి తోశాం. తాత లైఫ్ జాకెట్ నా మెడలో వేసి, "ఇది ఇప్పీసినావంటే నిన్ను ఒడ్డునే ఒగ్గీసి పోతాం" అన్నాడు. అసలు భయం లోతు నీళ్ళలో కాదండీ, ఒడ్డు దగ్గరే! కెరటాలు విరిగే చోట. అలలు వరసగా వస్తూంటే తాత ఊపిరి బిగబట్టి లెక్కపెడుతున్నాడు. పెద్దవి పోయాక కాస్త తెరిపిస్తుంది. ఆ సందులో ఇంజను గర్జించాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే తెప్ప అడ్డం తిరుగుతుంది, అడ్డం తిరిగితే బోర్లా పడుతుంది. "పట్టుకో!" అన్నాడు. తెప్ప ముక్కు ఆకాశంలోకి లేచింది. నా గుండె గొంతులోకొచ్చింది. దబ్బున కింద పడ్డాం... దాటేశాం!

తరవాతి అరగంట సంగతి చెప్పనా వద్దా? కడుపులో వున్నదంతా సముద్రానికి సమర్పించుకున్నాను. పక్కనున్న కుర్రాడు నవ్వాపుకుంటూ, "దూరంగా లైట్‌హౌసు మీద దీపం సూడన్నా, తల తిరగదు" అన్నాడు. నిజమే! కదలని దాని మీద చూపు నిలిపితే కాస్త కుదుటపడింది.

ఉపగ్రహం చెప్పే చోటు, తాత చెప్పే చోటు

కుర్రాడి చేతిలో సెల్‌ఫోను వుంది. హైదరాబాదులో ఇన్‌కాయిస్ అని సముద్ర సమాచార కేంద్రం వుంది, 1999లో పెట్టారు. ఉపగ్రహాలు సముద్రం పైనీటి వేడిమినీ, నీళ్ళలోని పచ్చదనాన్నీ కొలుస్తాయి. చల్లనీళ్ళూ వేడినీళ్ళూ కలిసే చోట, పచ్చదనం ఎక్కువున్న చోట చేపకి మేత దొరుకుతుంది. మేతున్న చోటికి చేప వస్తుంది. ఫలానా చోట చేపలుండే అవకాశం వుందని ఆ కేంద్రం మత్స్యకారులకి కబురు పంపుతుంది. తాత ఆ ఫోనుని కాదనడు. కానీ నీళ్ళ రంగు చూస్తాడు, పిట్టలు ఎటు వాలుతున్నాయో చూస్తాడు, చెయ్యి తడిపి గాలికి పెడతాడు.

"ఈ గుంటడిది ఫోను, నాది కన్ను. రెండూ ఒక్కటే సెప్తే వల ఎయ్యాల."

అన్నట్టు, మీ ఇళ్ళలో పెద్దవాళ్ళకి 'కళింగపట్నం' పేరు ఎలా తెలుసో అడగండి. తుపాను వచ్చినప్పుడల్లా రేడియో వార్తల్లో "కళింగపట్నం ఓడరేవులో మూడవ నంబరు ప్రమాద హెచ్చరిక" అని వినే వుంటారు. ఆ నంబర్లు పదకొండు. మూడో నంబరుకే తెప్పలన్నీ ఒడ్డెక్కుతాయి. ఎనిమిది, తొమ్మిది, పది అంటే మహా ప్రమాదం. పదకొండు అంటే హెచ్చరించే కేంద్రంతోనే సంబంధాలు తెగిపోయాయని! 2018 అక్టోబరు 11న తిత్లీ, 2021 సెప్టెంబరు 26న గులాబ్... రెండూ మా జిల్లా తీరాన్నే దాటాయి. "రేడియో సెప్పింది ఇననోడు మల్లీ రేడియో ఇనడు" అన్నాడు తాత. ఎవరూ నవ్వలేదు.

క్లైమాక్సు

వల వేశాం. పైన బెండ్లు తేలుతుంటే, అడుగున సీసపు గుండ్లు దిగలాగుతుంటే, వల నీళ్ళలో నిలువు గోడలా నిలబడింది. తూర్పున ఎర్రబడే వేళకి లాగడం మొదలెట్టాం. కానాగంతలు మెరుస్తూ వస్తున్నాయి. రెండు చందువాలు. ఉన్నట్టుండి నా చేతికి బరువు తగిలింది. మామూలు బరువు కాదు!

"వంజరం తాతా! పెద్ద వంజరం!" అరిచాను. జేబులోంచి ఫోను తీశాను, ఫొటో కోసం. నా మొట్టమొదటి వేట మరి!

పైకొచ్చింది చేప కాదు. తాబేలు. ఆలివ్ రిడ్లే. ముందు కాళ్ళకి రెండు మూడు చుట్లు వల బిగుసుకుపోయింది. తాబేలు నీళ్ళలో బతుకుతుందే గాని ఊపిరి మనలాగే గాలి పీల్చాలి. వలలో చిక్కితే పైకి రాలేక చచ్చిపోతుంది.

"ఫోను లోపలెట్టు. దాని డిప్ప పట్టుకో" అన్నాడు తాత. గొంతులో ఎప్పుడూ లేని కరుకుదనం. మొల్లోంచి చాకు తీశాడు. ఒక్కో కన్నూ విప్పుతూ కూర్చుంటే దానికి ఊపిరుండదు. కోసేశాడు. పరపరా కోసేశాడు! బారెడు మేర కొత్త వల. ఆ వల ఖరీదెంతో, దానికోసం ఆయన ఎవరి దగ్గర అప్పు చేశాడో ఆ నెల రోజుల్లో నేను విని వున్నాను. తాబేలు ఒక్కసారి తల పైకెత్తి బుస్సుమని ఊపిరి వదిలింది. నా చేతుల్లోంచి జారి, నీళ్ళలో కలిసిపోయింది.

"వల పోయిందే తాతా!"

"అల్లుకుంటాను. అది గుడ్లెట్టుకోడానికొచ్చింది బావూ. పుట్టింటికి పురిటికొచ్చిన ఆడపడుచుని కొడతామేటి?"

ఆయన పుస్తకాలు చదవలేదు. కానీ శాస్త్రజ్ఞులు చెప్పేదీ అదే. ఆడ తాబేళ్ళు తాము పుట్టిన తీరానికే తిరిగొచ్చి ఇసకలో గుడ్లు పెడతాయి. యాభై రోజులకి అటూ ఇటూగా పిల్లలు బయటికొచ్చి సముద్రం దారి పడతాయి. చట్టం కూడా పులితో సమానంగా మొదటి షెడ్యూలులోనే దాన్ని పెట్టింది. కానీ నడిసముద్రంలో ఆ చాకు తీయించింది చట్టం కాదని నా కళ్ళతో చూశాను.

సగంలో లేచొచ్చిన సినిమా

ఒడ్డుకి చేరాక లెక్క చూశారు. చమురు ఖర్చు తీసి, తెప్పకొక వాటా, వలకొక వాటా, మిగిలింది మనుషులకి. మనిషికి వచ్చింది చూస్తే నాకు తలెత్తబుద్ధి కాలేదు. నాకు రెండు కానాగంతలిచ్చారు. తెగిన వల మడత పెడుతూన్న తాతని, ఏదో ఒకటి మాట్లాడాలని అడిగాను: "తండేల్ చూశావా తాతా?"

"సగం సూసినాను. జైలు కాడికొచ్చేసరికి లేచొచ్చీసినాను."

అప్పుడు చెప్పాడు. ఆయన కొడుకు గుజరాతులో వున్నాడు, వెరావల్ బోట్ల మీద. ఇక్కడ వేట గిట్టుబాటు కాక ఈ తీరం కుర్రాళ్ళు వందలాదిగా అక్కడికి వలస పోతున్నారు. 2018 నవంబరులో అలా వెళ్ళిన మనవాళ్ళే పొరపాటున సరిహద్దు దాటి పాకిస్తానుకి చిక్కారు. వాళ్ళలో ఇరవై మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర మన గడ్డ మీద అడుగుపెట్టారు. మనకది రెండున్నర గంటల సినిమా. విశ్రాంతిలో పాప్‌కార్న్ తిన్నాం, పాటకి ఈలలేశాం. నేనూ వేశాను. తాతకి మాత్రం ఆ తెర మీద కనిపించింది హీరో కాదు.

మీకూ సరదాగా వుందా?

వేటకి వెళ్ళాలనుంటే తప్పక వెళ్ళండి. కానీ ముందు ఈత నేర్చుకోండి. తాడు పట్టి ఒడ్డు మీద నాలుగు వారాలు గడపండి. ఇంట్లో చెప్పకుండా, తెలిసినవాళ్ళు తోడు లేకుండా తెప్పెక్కకండి. లైఫ్ జాకెట్ విప్పకండి. తెప్ప మీద పెద్దవాడి మాటే డైరెక్టరు మాట, ఎదురు చెప్పకండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, చేపలు గుడ్లు పెట్టే 61 రోజులూ మోటారు బోట్ల వేట నిషేధం. ఆ రోజుల్లో ఒడ్డున కూర్చుని వల అల్లడం నేర్చుకోండి.

నేను నేర్చుకుంది అక్కడే. ఆ ఏప్రిల్లో తాత పక్కన కూర్చుని, ఆయన కోసేసిన బారెడు వలా నా చేత్తో అల్లాను. మొదటి మూడుసార్లూ విప్పించాడు. నాలుగోసారి పట్టి చూసి, లాగి చూసి, "పర్లేదు. చేప ఆగుద్ది" అన్నాడు.

జూన్ 15 తెల్లవారుజామున మూడు గంటలకి ఒడ్డు మీదున్నాను. ఆ వల తెప్పలో వుంది. ఈసారి ఫోను మాత్రం ఇంట్లోనే పెట్టి వెళ్ళాను.