సైబర్ మోసాలు: డబ్బు పోయే దారులు, ఆపే మార్గాలు

సైబర్ నేరగాళ్లలో ఎక్కువమంది బ్యాంకు కంప్యూటర్ల జోలికి పోరు. ఖాతాదారు చేతనే డబ్బు పంపించుకుంటారు, లేదంటే ఓటీపీ, పిన్ అతని నోటనే చెప్పించుకుంటారు. అందుకే డాక్టర్లు, సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు, రిటైరైన అధికారులు కూడా మోసపోతున్నారు. మోసం ఏ వేషంలో వచ్చినా భయం, ఆశ, తొందర అనే మూడింటిలో ఏదో ఒకదాన్ని ఆసరా చేసుకుంటుంది. నిదానంగా ఆలోచించే వ్యవధి, ఇంట్లోవాళ్లను అడిగే వీలు లేకుండా చేయడంలోనే నేరగాడి బలమంతా ఉంది. ఫోన్ పెట్టేసి, కాసేపు ఆగి, తెలిసిన నంబరుకు తానుగా ఫోన్ చేసి కనుక్కుంటే చాలా మోసాలు మొదట్లోనే ఆగిపోతాయి.

పిన్ కొడితే డబ్బు పోవడమే

2016లో మొదలైన యూపీఐ ఇప్పుడు కూరగాయల బండి దాకా చేరింది. దాని విషయంలో గుర్తుంచుకోవాల్సిన సూత్రం ఒక్కటే. డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయనక్కర్లేదు.

పాత సోఫానో ఫ్రిజ్జో అమ్ముతామని ఆన్‌లైన్‌లో ప్రకటన ఇచ్చినవారికి సైనికాధికారినంటూ ఒకడు ఫోన్ చేస్తాడు. బేరమాడకుండా చెప్పిన ధరకు ఒప్పుకుంటాడు. అడ్వాన్సు వేస్తానంటూ క్యూఆర్ కోడ్ పంపుతాడు. దాన్ని స్కాన్ చేసి పిన్ కొడితే అమ్మేవారి ఖాతాలోంచే డబ్బు పోతుంది. 'పొరపాటున మీ ఖాతాలో 20 వేలు వేశాను, తిరిగి పంపండి' అని బతిమాలే ఫోన్ కూడా ఇలాంటిదే. బ్యాంకు పంపినట్టే కనిపించే దొంగ మెసేజ్ అంతకుముందే వచ్చి ఉంటుంది. అప్పుడు మెసేజ్‌ను కాక ఖాతాలోని నిల్వను చూసుకోవాలి. డబ్బు నిజంగానే పడి ఉంటే బ్యాంకుకు చెప్పి, వారి ద్వారానే వెనక్కి పంపాలి.

వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు

ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్, కేవైసీ, పెళ్లిపత్రిక వంటి పేర్లతో వాట్సాప్‌లో ఒక ఫైలు వస్తుంది. పేరు చివర 'ఏపీకే' అని ఉంటే అది ఫొటో కాదు, కాగితం కాదు, ఫోన్‌లోకి ఎక్కే యాప్. ఇన్‌స్టాల్ చేసి అడిగిన అనుమతులన్నీ ఇస్తే, వచ్చే మెసేజ్‌లు చదివి ఓటీపీలను నేరగాళ్లకు చేరవేస్తుంది. తెలిసినవారి నంబరు నుంచి వచ్చినా తెరవకూడదు. వారి ఫోన్ అప్పటికే నేరగాళ్ల చేతిలో ఉండవచ్చు. చలానా ఉందో లేదో ప్రభుత్వ వెబ్‌సైట్‌లో వాహనం నంబరు కొట్టి చూసుకోవచ్చు.

కస్టమర్ కేర్ నంబరును గూగుల్‌లో వెతకడం కూడా ప్రమాదమే, ఎందుకంటే నేరగాళ్లు తమ నంబర్లను బ్యాంకుల పేర్లతో అక్కడ ఉంచుతారు. ఏటీఎం కార్డు వెనుకో పాసుపుస్తకంలోనో ఉన్న నంబరునే వాడాలి. సాయం చేస్తామంటూ ఫోన్ తెరను తమకు కనిపించేలా చేసే యాప్ వేసుకోమంటే వెంటనే ఫోన్ పెట్టేయాలి.

డిజిటల్ అరెస్ట్

ఇటీవలి మోసాల్లో మనుషులను ఎక్కువగా కుంగదీస్తున్నది ఇదే. పార్సిల్‌లో మత్తుమందులు దొరికాయనో, ఆధార్‌తో తీసిన ఖాతాలో హవాలా డబ్బు ఉందనో మొదట ఒక ఫోన్ వస్తుంది. ఆ తర్వాత వీడియో కాల్. యూనిఫాం వేసుకున్న మనిషి, వెనుక పోలీస్ స్టేషన్‌లా అమర్చిన గది, సీబీఐ, ఈడీ, సుప్రీంకోర్టు ముద్రలతో దొంగ కాగితాలు కనిపిస్తాయి. కెమెరా ముందు నుంచి కదలొద్దని, భార్యాపిల్లలకు కూడా చెప్పొద్దని బెదిరిస్తారు. 'తనిఖీ' కోసం డబ్బంతా తాము చెప్పిన ఖాతాకు పంపమంటారు. పిల్లలు దూరదేశాల్లో ఉండి ఒంటరిగా బతికే పెద్దలు రోజుల తరబడి ఈ చెరలో ఉండి, ఫిక్స్‌డ్ డిపాజిట్లు రద్దుచేసి మరీ పంపిన సంఘటనలున్నాయి.

భారతీయ చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు. అరెస్టయిన వ్యక్తికి కారణం చెప్పాలని, లాయరును సంప్రదించనివ్వాలని, 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగంలోని 22వ అధికరణం చెబుతోంది. వీడియో కాల్‌లో నిర్బంధించే అధికారం, దర్యాప్తు పేరుతో డబ్బు బదిలీ చేయించుకునే అధికారం ఏ సంస్థకూ లేవు. 2024 అక్టోబరు 27న 'మన్ కీ బాత్'లో ప్రధాని ఈ విషయాన్నే దేశానికి వివరించారు. ఎవరికీ చెప్పొద్దని అనడమే మోసానికి తిరుగులేని గుర్తు.

లాభాల ఆశ, కమీషన్ ఆశ

షేర్ల చిట్కాలంటూ వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపులో చేరుస్తారు. అందులో లాభాలొచ్చాయని చెప్పే సభ్యుల్లో చాలామంది నేరగాళ్ల మనుషులే. నకిలీ ట్రేడింగ్ యాప్‌లో అంకెలు పెరుగుతూ కనిపిస్తాయి. నమ్మకం కుదరడానికి మొదట కొద్దిగా తీసుకోనిస్తారు. పెద్ద మొత్తం పెట్టాక, అది రావాలంటే పన్ను కట్టమంటారు. డబ్బు పెట్టేముందు ఆ సంస్థ షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ అయిన సెబీలో నమోదైందో లేదో చూడాలి. డిపాజిట్లు తీసుకునే సంస్థల వివరాలు రిజర్వ్ బ్యాంకు 'సచేత్' పోర్టల్‌లో దొరుకుతాయి.

కమీషన్ ఇస్తామంటే బ్యాంకు ఖాతాను, సిమ్‌ను ఇతరులకు అప్పగించే విద్యార్థులూ ఉన్నారు. దోచిన సొమ్ము ఆ ఖాతాల మీదుగానే సాగుతుంది, కేసు ఖాతాదారుపైనే పడుతుంది. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి కంబోడియా వెళ్లిన ఆంధ్ర, తెలంగాణ యువకులను అక్కడ నిర్బంధించి, ఇవే మోసాలు చేయించిన ఉదంతాలు 2024లో బయటపడ్డాయి. విదేశీ ఉద్యోగం ఇప్పిస్తామనే ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ లైసెన్సు ఉందో లేదో ముందే చూసుకోవాలి.

డబ్బు పోతే

మొదటి గంట చాలా విలువైనది. పోయిన డబ్బు నిమిషాల్లో ఖాతా నుంచి ఖాతాకు మారి, చివరికి నగదుగానో క్రిప్టోగానో మాయమవుతుంది. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే ఆ సొమ్ము చేరిన బ్యాంకులకు సమాచారం వెళ్లి, మిగిలి ఉన్నంత మేర నిలిపివేస్తారు. లావాదేవీ నంబరు, సమయం, మొత్తం దగ్గర ఉంచుకోవాలి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయాలి. చాటింగ్, కాల్ వివరాలు చెరిపేయకుండా స్క్రీన్‌షాట్లు తీసి ఉంచాలి.

బ్యాంకుకు విడిగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోవాలి. రిజర్వ్ బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఖాతాదారు తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా బయటివారి వల్ల డబ్బు పోయి, మూడు పనిదినాల్లోగా తెలియజేస్తే ఖాతాదారుకు నష్టం ఉండదు. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే కొంత పరిమితి మేరకు భరించాలి. ఓటీపీ తానే చెప్పి ఉంటే ఫిర్యాదు చేసేదాకా జరిగిన నష్టం ఖాతాదారుదే, ఆ తర్వాత జరిగేది బ్యాంకుది. 30 రోజుల్లో బ్యాంకు స్పందించకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. పోయిన డబ్బు ఫీజు తీసుకుని రాబడతామని వచ్చేవారు రెండోసారి దోచుకునేవారే.

ముందే చేసుకోవాల్సినవి

పొదుపు ఉన్న ఖాతాను యూపీఐకి కలపకుండా, రోజువారీ ఖర్చుల కోసం కొద్దిపాటి నిల్వతో వేరే ఖాతా ఉంచుకోవడం మేలు. బ్యాంకు యాప్‌లో బదిలీ పరిమితి తగ్గించుకోవచ్చు. వేలిముద్రలతో డబ్బు తీసే మోసాల నుంచి కాపాడుకోవడానికి ఆధార్ బయోమెట్రిక్స్‌ను లాక్ చేసుకోవచ్చు. తన పేరుతో ఎన్ని సిమ్‌లున్నాయో 'సంచార్ సాథీ' పోర్టల్‌లో చూసి, తనవి కానివాటిని మూయించవచ్చు.

మోసపోయినవారిని ఇంట్లోవాళ్లు నిందిస్తే, వారు మరోసారి నోరు విప్పరు. ఆ మౌనం నేరగాళ్లకే లాభం. అనుమానం వచ్చినా, డబ్బు పోయినా వెంటనే చెప్పుకోగలమన్న ధైర్యం పెద్దలకూ పిల్లలకూ ఇంట్లో దొరకాలి. ఒకరు చేసిన ఫిర్యాదుతో నేరగాడి నంబరు, ఖాతా మూతపడితే మరొకరి సొమ్ము దక్కుతుంది.